ముందు చప్పుడు, తరువాత మాట

మూడో ఫారం దాటలేక చదువుకు స్వస్తి చెప్పినవాణ్ణి నేను. ఒక ఇంగ్లీషు అయ్యవారి మీద సంస్మరణ వ్యాసం రాస్తున్నానని తెలిస్తే ఆనాటి నా బెంచీ కూడా నవ్వుతుంది. దానితో నాది అంతటి చిరకాల స్నేహం. పాకాలలో మాకు ఇంగ్లీషు నేర్పిన చెంగల్రాయులు అయ్యవారు పరమపదించారన్న వార్త, చిత్తూరులో నాటకం తెర వెనక రేకు ఆడించి ఉరుము పుట్టిస్తుండగా నా చెవిన పడింది. చేతిలో రేకు ఆగిపోయింది. ఆ రంగంలో పిడుగు మూగగా పడింది.

నాటకాలకు చప్పుళ్లు చేయడం నా వృత్తి. దానికి బీజం వేసినవారు ఆయనే. పుస్తకాలు మూయించి ముందు చప్పుడు చేయించడం, ఆ తరువాతే మాట చెప్పడం ఆయన పద్ధతి. తరగతి యావత్తూ బుస కొట్టాక "అదే హిస్" అనేవారు. తుమ్మెదలమై రొద చేశాక "అదే బజ్". ఒకనాడు పక్క తరగతి పంతులు కర్రతో పరుగున వచ్చి, "పాము యాడప్పా?" అన్నారు. అయ్యవారు నిర్వికారంగా, "గదినిండా ఉండాయి. నీకేది కావాల్నో తీసుకో" అన్నారు.

అనుకరణకు ఇంగ్లీషులో ఉన్న పదాల భేదం చెప్పేటప్పుడు దృష్టాంతం నేనే. "అర్థం కాకుండా చేస్తే ఏప్. బాగా గమనించి చేస్తే మిమిక్. కొండ మాదిరి తిరిగి పలికితే ఎకో. మన రత్నంగాడు మొదటిదాంట్లోనించి రెండోదాంట్లోకి పోతా ఉండాడు." అంతకు మించిన పట్టా నాకు లేదు.

కర్మాంతరం అయ్యాక పరామర్శకు వెళ్లాను. ఆయన ధర్మపత్ని మంగమ్మగారు, "రత్నం, ఆయన గొంతు నాకు అప్పుడే మరుపొస్తా ఉండాది. భయమైతాది నాయనా. ఒక తూరి ఆయన మాదిరి మాట్లాడు" అన్నారు.

వేలమందికి వినిపించినవాణ్ణి, ఆమె ఒక్కరికి వినిపించడానికి జంకాను. ఏమాత్రం తప్పినా ఆమెకు మిగిలిన కాస్త జ్ఞాపకాన్నీ నేనే చెరిపినవాణ్ణవుతాను. "పుస్తకాలు మూయండి, చెవులు తెరవండి!" అన్నాను, చివర ఆయన సన్నని దగ్గుతో సహా. ఆ మహనీయునికి నేనర్పించగలిగిన అంజలి అంతే. ఆ చెవి, ఆ ఓపిక ఉన్న గురువును మా పాకాల మళ్లీ చూడబోదు.

ఆమె కళ్లు మూసుకొని విన్నారు. తరువాత కొంగుతో తుడుచుకొని, నవ్వి అన్నారు:

"బాగా చేసినావులే. అది బడి గొంతు, ఊరంతా ఎరిగిందే. ఇంట్లో నన్ను పిలిచే గొంతు నువ్వు యాడ వినింటావు? నువ్వు చేస్తా ఉంటే, 'ఇది కాదే' అనుకున్నా సూడు, అప్పుడు నాకు అది గుర్తుకొచ్చినాది."