భుజాల కింది మనిషిని గీయడానికి ఆర్మూర్ వెళ్ళాను

మా ఆయన రాజు మస్కట్ వెళ్ళి రెండేళ్ళు దాటింది. రోజూ వీడియో కాల్‌లో ముఖం చూస్తాను కాబట్టి దాన్ని చూడకుండానే గీయగలను. మెడ దిగాక మాత్రం చెయ్యి ఆగిపోతుంది. ఆయన ఎలా నిలబడతాడో, ఎలా వంగుతాడో గుర్తు రావడం లేదని తెలిసిన రోజు భయమేసింది. అక్కడికి వెళ్ళకముందు ఆరేళ్ళు ఆయన ఆర్మూర్ మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు మోశాడు. ఆ పని చేసేవాళ్ళను చూస్తూ గీద్దామని మొన్న మార్చిలో ఒక శుక్రవారం బయలుదేరాను.

నిజామాబాద్ బస్టాండులో ఏడున్నరకు ఎక్కితే గంటలో ఆర్మూర్. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు లేవు. యార్డుకు షేర్ ఆటో ఇరవై రూపాయలు.

"పసుపు తెచ్చినవా అక్కా?" అన్నాడు డ్రైవర్.

"లేదు, బొమ్మలు గీస్త."

"గా దుమ్ములనా? మూతికి దస్తీ కట్టుకో."

బస్తాలు మోస్తున్న హమాలీలు కనిపించేలా షెడ్డు గోడ పక్కన కూర్చొని నీటిలో కరిగే పెన్సిళ్ళు తీశాను. పొడిగా గీసి తడి కుంచె తగిలిస్తే గీత రంగై పారుతుంది. ఆరాక రబ్బరుతో తుడిచినా పోదు. మొదటి బొమ్మలో వీపు నిటారుగా వచ్చింది, బస్తా తలగడలా తేలింది. తొందరపడి అంతటా నీళ్ళు రాస్తే నడుమూ బస్తా కలిసి ఒకటే మరక. రెండోదానికి కాళ్ళ దగ్గరే తడి చేశాను, కాస్త నయం. మూడోది రాజును తలచుకొని గీశాను, కుడి భుజం మీద బస్తాతో.

టీ తాగడానికి వచ్చిన పాత హమాలీ గంగన్న తొంగి చూశాడు. నా పెళ్ళప్పటి నుంచి తెలిసినవాడు.

"మన రాజుదా బిడ్డా?"

"అవును కాకా."

"తప్పేసినవు. బరువు పడంగనే మోకాళ్ళు జర వంగుతయి, నడుము ఒక దిక్కు ఒరుగుతది. గిట్ల." ఖాళీ చేతులతోనే నిలబడి చూపించాడు. "ఇంకోటి. రాజు కుడి భుజం మీద ఎత్తనే ఎత్తడు. ఒకపారి బస్తా జారి గా భుజం మస్తు దెబ్బతిన్నది. అప్పటిసంది ఎడమ దిక్కే."

"నాకు చెప్పలేదు."

"ఫికర్ చేస్తవని చెప్పకపోయి ఉంటడు."

చాలాసేపు పెన్సిల్ ముట్టుకోలేదు. ఆరేళ్ళు పక్కన పడుకున్న మనిషి నొప్పి నాకు తెలియలేదు. తర్వాత కొత్త కాగితం మీద మోకాళ్ళు వంచి, బస్తాను ఎడమ భుజానికి మార్చి, నీడ పడే వైపు మాత్రమే కుంచె తగిలించాను.

మధ్యాహ్నం బస్టాండు నుంచి ఫోన్ చేశాను. శుక్రవారం కాబట్టి అక్కడ ఆయనకు సెలవు.

"ఫోన్ గోడకు పెట్టి జర దూరం పోయి నిలబడు."

"ఎందుకు?"

"నిలబడు."

పనివాళ్ళంతా ఉండే గదిలో మంచాల మధ్య నుంచి వెనక్కి నడిచాడు. లుంగీ, బనీను. కుడి భుజం కొంచెం కిందికి జారి ఉంది.

"భుజం ఇంకా నొస్తదా?" అన్నాను.

"గంగన్న చెప్పిండా?"

"ఆ."

"చలికాలం నొస్తది."

ఆయన్ని తలచుకొని గీసిన బొమ్మ తప్పే. కానీ తప్పు గీయకపోయి ఉంటే ఆ భుజం సంగతి నాకెప్పటికీ తెలిసేది కాదు. ఇప్పుడు కాల్ రాగానే దూరం జరగమంటాను. ముఖం చిన్నదవుతుంది, మనిషి కనిపిస్తాడు. ఆ భుజం మీద చెయ్యి వెయ్యాలనిపిస్తుంది. యార్డుకు వెళ్ళి గీయాలనుకునేవాళ్ళకు ఒక్క మాట: కాగితానికి నీళ్ళు తగిలించే ముందే బొమ్మను బస్తాలు మోసేవాళ్ళకు చూపించండి. ఎక్కడ తప్పిందో వాళ్ళ ఒంటికి తెలుసు.