ఏడు అనని లెక్క

మా ఆయన భాస్కర్ నాగర్‌కర్నూల్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, ప్రోగ్రాం వీలైనంత పొట్టిగా రాయడం. ఒక ప్రోగ్రాం ఉంది, ఒకటి నుంచి వంద దాకా లెక్కపెట్టాలి. మూడో ఎక్కంలో వచ్చే అంకెకు బదులు ఒక మాట, ఐదో ఎక్కంలో వచ్చేదానికి ఇంకో మాట, రెండింటిలోనూ వస్తే రెండు మాటలూ అనాలి. ఈ ముక్కను అరవై నాలుగు అక్షరాల నుంచి అరవైకి దించడానికి ఆయనకు రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల్లో ఇంట్లో గ్యాసు అయిపోయిన సంగతి కూడా ఆయనకు తెలియదు. నాకు ఒళ్లు మండిపోయింది.

పోయిన మాఘంలో మా మామ కురుమూర్తికి పక్షవాతం వచ్చింది. రాజోలి చుట్టుపక్కల కళ్లాల్లో ముప్పై ఏళ్లు కుంచంతో జొన్నలు కొలిచిన మనిషి. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. మమ్మల్ని గుర్తుపడుతున్నాడో లేదో కూడా తెలియలేదు. మా ఇంటికి తెచ్చుకున్నాం. రోజూ అంకెలు చెప్పించండి, మాట రావచ్చు అన్నాడు డాక్టరు.

భాస్కర్ ఎదురుగా కూర్చుని ఒకటి, రెండు అని చెప్పించేవాడు. మామ నోరు తెరిచేవాడు కాదు. పది రోజులయ్యాక ఒక పొద్దున నేను జావ తాగిస్తుంటే, "లాభం" అన్నాడు. నాకేమీ అర్థం కాలేదు. భాస్కర్ మాత్రం పళ్లు తోముకుంటున్నవాడు అట్లాగే పరుగెత్తుకొచ్చాడు.

"గింజలు కొలిచేటప్పుడు ఒకటి అనరు వాణీ, లాభం అంటరు. ఏడు గూడ అనరు. ఏడు అంటే ఏడ్చుడు గదా, రాశి కాడ ఆ మాట రావద్దు. ఆరున్నొక్కటి అంటరు. నాయిన జన్మల ఏడు అనలే."

ఆ రోజే కూర్చుని ప్రోగ్రాం రాశాడు. తెర మీద అంకెలు ఒక్కొక్కటే పెద్దగా పడతాయి. ఒకటి చోట లాభం, ఏడు చోట ఆరున్నొక్కటి. ఇక దాన్ని కూడా పొట్టి చేయడం మొదలుపెట్టాడు.

"మీ నాయిన కోసం రాస్తున్నవా, నీ కోసం రాస్తున్నవా?" అని కసిరాను.

"చేతులు ఊకె ఉంటే భయమైతుంది" అన్నాడు.

మామ లాభం నుంచి ఆరు దాకా వచ్చేవాడు. ఆరున్నొక్కటి అనడానికి నోరు తిరిగేది కాదు. పెదాలు బిగించి, తల ఒకసారి ఊపి, ఎనిమిది అనేవాడు. దవాఖానకు తీసుకెళ్తే డాక్టరు ఒకటి తప్పు, ఏడు తప్పు అని రాసుకున్నాడు.

"తప్పు గాదు, నాయిన లోపల్నే ఉన్నడు. ఆ మాట ఎట్ల దాటుకుంట పోతుండో చూసినవా?" అన్నాడు భాస్కర్ ఇంటికొచ్చాక. ప్రోగ్రాంలో ఏడు చోట ఖాళీ పెట్టేశాడు. "నాకంటె నాయిన లెక్కనే పొట్టిగున్నది" అని నవ్వాడు. అంత నవ్వు ఆయన మొహంలో చూసి నెలలైంది. అప్పటి నుంచి మామ ఆరు దగ్గర ఆగినప్పుడల్లా నాకూ ప్రాణం కుదుటపడేది.

ఆషాఢంలో మామకు మళ్లీ పక్షవాతం కొట్టింది. వారం తర్వాత దవాఖానలో కళ్లు తెరిచాడు. డాక్టరు వచ్చి, "పెద్దాయనా, లెక్కపెట్టండి" అన్నాడు.

"ఒకటి" అన్నాడు మామ.

భాస్కర్ నా చెయ్యి పట్టుకున్నాడు. రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆరు దగ్గర ఆగుతాడని ఎదురుచూశాం. ఆగలేదు. "ఏడు" అన్నాడు, స్పష్టంగా. పది దాకా ఒక్క తప్పు లేకుండా చెప్పాడు.

"చాలా బాగుంది. పోయినసారి కంటే ఎంతో మెరుగు" అంటూ డాక్టరు భాస్కర్ భుజం తట్టి పక్క మంచం దగ్గరికి వెళ్లాడు.

భాస్కర్ మామ మీదికి వంగాడు. "నాయినా, నేనెవర్ని?"

మామ ఆయన వైపు మర్యాదగా చూశాడు. ఇంకోసారి అడుగుతున్నారనుకున్నాడేమో, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.