నీలం సాసర్‌లో టీ

పంతొమ్మిది వందల డెబ్బైల చివర, అమెరికాలోని ట్రాయ్‌లో నర్సుగా పనిచేస్తున్న మా అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి నాకు ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు. ఆదివారం చర్చిలో తెలుగు ఆరాధనప్పుడు అందరిలాగే పాటల పుస్తకం తెరిచి పట్టుకునేదాన్ని. నోటికి వచ్చిన పాటైతే పాడేదాన్ని. కొత్తదైతే ఊరికే పెదవులు కదిపేదాన్ని.

చదువుకోవాలని ఉందని అమ్మాయితో చెప్పాను. కూర్చోబెట్టి నేర్పే తీరిక దానికి లేదు. మా వీధి చివర ఉండే రిటైరైన టీచరమ్మ ఇంట్లోనే పెద్దవాళ్లకు ఇంగ్లీషు చదువు చెప్పేది. అందరినీ తీసుకోదు, ముందు టీకి పిలిచి చూస్తుంది. ఆవిడ కాదంటే నాకు ఇంకో దారి లేదు.

"అడిగినదానికే చెప్పమ్మా. మిగతాది నేను మేనేజ్ చేస్తా," అంది అమ్మాయి దారిలో.

ఆవిడ టీ పోసిన కప్పు ఆకాశపు నీలం. అంచున బంగారం, నడుమ తెల్లటి చోట చేత్తో వేసిన గులాబీలు. రెండు వందల ఏళ్ల కిందట ఫ్రాన్సు రాజుగారి కార్ఖానాలో చేసినదట. సాసర్ గిన్నెలా లోతుగా ఉంది. టీ పొగలు కక్కుతోంది. ఇంట్లో తాగినట్టే సాసర్‌లోకి వంచుకుని, ఊది, జుర్రాను.

"అమ్మా, ప్లీజ్," అంది అమ్మాయి పళ్లు బిగించి. "కప్పుతో తాగాలి. ఇంక క్లాసూ లేదు, ఏమీ లేదు."

నిండు సాసర్ కింద పెట్టాలో, పట్టుకునే ఉండాలో తోచలేదు.

అమ్మాయి ఆవిడకు సారీ చెప్పింది. ఆవిడ నవ్వి ఏదో అంది. అమ్మాయి అది నాకు తెలుగులో చెప్పింది.

"ఇవి చేసిన రోజుల్లో చాలామంది ఇలాగే తాగేవాళ్లంట. అందుకే అంత లోతంట. తనూ తాగేదంట గానీ ఇప్పుడు చేతులు వణుకుతాయంట."

"మరి నన్నెందుకు కసిరావే?"

తాగడం అయ్యాక ఆవిడ సాసర్ తుడిచి బోర్లించింది. అడుగున పెనవేసుకున్న రెండు నీలి గీతలు, వాటి మధ్య ఒక అక్షరం. సాసర్ ఏ సంవత్సరం చేశారో అది చెబుతుందట. నా వేలు పట్టుకుని టేబుల్ క్లాత్ మీద ఆ అక్షరం దిద్దించింది. వంకరగా వచ్చింది. మళ్లీ దిద్దించి, వేలు వదిలేసింది. ఈసారి నేనే దిద్దాను. నాకు వచ్చిన మొదటి అక్షరం అదే. తెలుగు తరువాత నేర్చుకున్నాను.

"మంగళవారం రమ్మంటోంది," అంది అమ్మాయి. "నన్ను మాత్రం వద్దంటోంది. నేనుంటే నువ్వు నా మొహమే చూస్తున్నావంట."

మంగళవారం ఒక్కదాన్నే నడిచి వెళ్లాను. ఇంగ్లీషులో ఏమనాలో దారి పొడవునా అనుకున్నది బెల్ కొట్టగానే మరిచిపోయాను. ఆవిడ తలుపు తీసి, నా చేతిలోని పెన్సిల్ చూసి, లోపలికి దారి ఇచ్చింది.