జిదాఫ్స్‌లో మంచు పడితే

భీమరాజుకి ఒకటే పిచ్చి, మంచు. కాకినాడ దగ్గర పుట్టి పదకొండేళ్లుగా బహ్రెయిన్‌లో బండి తోలుతున్న ఆ మనిషి మంచుని కంటితో చూసింది లేదు. అయినా తానుండే కంపెనీ క్యాంపులో డ్రైవింగు నేర్చుకునే కొత్తవాడు ఎవడు దొరికినా, మంచులో నడపడమే నేర్పుతాడు.

దీనికంతటికీ మూలం కంపెనీ పికప్. వెనక అటు రెండు, ఇటు రెండు, మొత్తం ఆరు చక్రాల అమెరికా బండి. దాంతో వచ్చిన పుస్తకంలో మంచు గురించి నాలుగు పేజీలున్నాయి. ఆఫీసు గుమాస్తా రాజేంద్ర చేత చదివించుకుని, భీమరాజు వాటిని కంఠతా పట్టేశాడు.

అలాంటి మనిషి చేతికి చిక్కాడు అహ్తెషామ్. నిజామాబాద్ నుంచి డ్రైవరుగా వచ్చి, లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పాడు. మూడోసారీ తప్పితే ఖలాస్, విమానం ఎక్కిస్తానని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, తేల్చేశాడు. ఇంక పది రోజులుంది.

జూలై నెల. జిదాఫ్స్ ఊరు దాటాక ఖాళీ జాగా. స్టీరింగు పట్టుకుంటే చేతులు కాలుతున్నాయి.

"తమ్ముడూ, మంచు పడతాంది, జాగ్రత్త!" అన్నాడు భీమరాజు.

అహ్తెషామ్ అదిరిపడి ఆకాశం వంక చూశాడు. "ఏడుందన్నా మంచు? నెత్తి మాడిపోతుంది!"

"ఉందనుకోవయ్యా. జోడు చక్రాలు కదా, పట్టు బాగుంటాదనుకుంటావు. ఉండదు. వెడల్పెక్కువ, మంచులోకి దిగవు, పైపైన తేలతాయి. ఖాళీ బండైతే వెనకభాగం డాన్సాడేస్తాది."

"మరెట్ల?"

"బరువెయ్యాలి."

అలా అంటూనే అతని చేత ఎనిమిది ఇసుక బస్తాలు బండిలోకి ఎత్తించాడు. ఆ ఎండలో, రాని మంచు కోసం!

బ్రేకు వేస్తే చాలు, భీమరాజు గుండె పట్టుకునేవాడు. "జారిపోయాం! ఇద్దరం పోయాం! మెల్లిగా తొక్కవయ్యా." రివర్సు చెప్పమంటే మంచులో రివర్సు. మలుపు అడిగితే మంచులో మలుపు. నాలుగో రోజు బండి ఆపించి, జోడు చక్రాల మధ్య స్క్రూడ్రైవరు పెట్టి గోకాడు. గులకరాయి ఊడిపడింది.

"చూశావా, మంచు గడ్డకట్టేసింది!"

"ఖుదా కసం, గీ మనిషిని నమ్ముకుంటే నేను ఇంటికి పోవుడే," అని అహ్తెషామ్ రాజేంద్ర దగ్గర తల బాదుకున్నాడు.

పరీక్ష రోజు రానే వచ్చింది. అహ్తెషామ్ పక్కన పోలీసు అధికారి కూర్చున్నాడు. వెనకటి రెండుసార్లూ ఆ యూనిఫాం చూడగానే అహ్తెషామ్ కాలు బిగుసుకుపోయి, బ్రేకుని ఎగిరి తొక్కాడు. ఈసారి చెవిలో 'ఇద్దరం పోయాం' అన్న కేక వినిపించింది. నవ్వొచ్చింది. కాలు మెత్తబడింది. బండి చెప్పినట్టు ఆగింది.

పాస్!

కాగితం పట్టుకుని బయటికి పరుగెత్తాడు. పికప్ నీడలో భీమరాజు నిలబడి ఉన్నాడు.

"అన్నా, సచ్ చెప్పు. ఈ దేశంల మంచెందుకు నేర్పినవ్?"

భీమరాజు కాస్త సిగ్గుపడ్డాడు. "రెండుసార్లు తప్పినోడివి. రోడ్డు మీద నేర్పితే, ఈయనకొచ్చు నాకు రాదు అనుకుని ముడుచుకుపోతావు. మంచులో అయితే నాకూ రాదు కదయ్యా. ఇద్దరం కొత్తోళ్లమే."

పది రోజులుగా తాను పిచ్చివాడనుకున్న మనిషి ఈయనేనా అనుకున్నాడు అహ్తెషామ్.

"యల్లా, పద, క్యాంపుకి నువ్వే తోలు," అంటూ భీమరాజు తాళంచెవి అతని చేతిలో పెట్టి, పక్క సీట్లో వాలిపోయాడు. మొదటి మలుపు తిరిగేలోగా గురక మొదలైంది. అహ్తెషామ్ నడుపుతుండగా పక్కన కూర్చుని నిద్రపోయిన మొట్టమొదటి మనిషి ఆయనే.