మార్గరెట్ ఆంటీ బల్లగుడ్డ మీద నా పులిహోర గిన్నె

ఒక ఊరి చరిత్ర మొత్తాన్ని ఒక్క పూటలో పాడుచేసిన ఘనుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. దండయాత్రలు చేసినవాళ్ళకి కూడా సైన్యం కావలసి వచ్చింది. నాకు ఒక స్టీలు గిన్నె సరిపోయింది.

అప్పటికి నేనూ మా ఆవిడ సుజాతా దక్షిణ ధ్రువానికి దగ్గరి పట్నాల్లో ఒకటైన ఇన్వర్‌కార్గిల్ నుంచి హేజల్‌కోట్ అనే పల్లెకి మారి రెండేళ్ళు. ఇంగ్లండులో అదే పేరున్న చిన్న ఊరి నుంచి ఎప్పుడో ఓడెక్కి వచ్చిన కొన్ని కుటుంబాలు కట్టుకున్న ఊరది. ఒక చర్చి, ఒక హాలు, డెయిరీ అని పిలిచే, పాలూ పేపరూ అమ్మే ఒక చిల్లర కొట్టు, బోలెడన్ని గొర్రెలు. కానీ ఆ మనుషులున్నారే! హాలు కప్పు కారిందని తెలిస్తే చాలు, పిలవకుండానే ఎవరి నిచ్చెన వాళ్ళు పట్టుకొచ్చేస్తారు. మేము సామాను దింపిన సాయంత్రానికే గుమ్మంలో మూడు కేకులు. ఆ రోజే నేను వాళ్ళకి పూర్తిగా లొంగిపోయాను.

ఆ ఊరి ప్రాణమంతా ఒక తెల్లటి బల్లగుడ్డలో ఉంది. మొదటి కుటుంబాలు ఓడలో తెచ్చుకున్నది. ఊళ్ళో స్థిరపడినవాళ్ళు దాని మీద పెన్సిలుతో సంతకం చేస్తే, ఆ గీతల మీదే దారంతో కుట్టేస్తారు. ఇప్పుడు ఆ కుట్టుపని ఎనభై దాటిన మార్గరెట్ ఆంటీది. ఆ ఫిబ్రవరిలో ఇంగ్లండు హేజల్‌కోట్ నుంచి అతిథులొస్తున్నారు. ఆదివారం వాళ్ళ ముందే మా సంతకాలు. అంటే మేము ఆ ఊరివాళ్ళమైపోతామన్నమాట. వారం రోజులు నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

శనివారం పొద్దున ఆంటీ హాలు తాళం నా చేతిలో పెట్టింది.

"గుడ్డ జాగ్రత్తగా పరిచి ఉంచు. గంటలో వస్తాను."

"మీరు నిశ్చింతగా ఉండండి ఆంటీ!"

బెంచీలు మోయడానికి వచ్చేవాళ్ళకని పులిహోర కూడా పట్టుకెళ్ళాను. స్కోన్లని వాళ్ళు చేసుకునే బన్నులు చాలంటే వింటామా? గుడ్డ పరిచాను. ఎంత అందంగా ఉందో! అంతటితో ఊరుకోవచ్చు కదా. ఆ సంతకాల పక్కన మన పులిహోర పెట్టి ఫొటో తీసి, మా కాలేజీ గ్రూపులో పెడదామనిపించింది. పెట్టాను. తీశాను. కారు కుదుపులకి గిన్నె అడుక్కి నూనె కారిందని ఎత్తాక తెలిసింది. గుడ్డ నడుమ గుండ్రంగా, పున్నమి చంద్రుడిలా పసుపు మరక.

గుడ్డ చుట్టి, గిన్నెతో సహా ఇంటికి పరిగెత్తి సబ్బు పెట్టి రుద్దాను. నవ్వకండి. పచ్చటి చంద్రుడు ఎర్రబడ్డాడు!

"సుజాతా! రక్తం కారుతోందే!"

సుజాత వచ్చి చూసి తల పట్టుకుంది. "పసుపుకి సబ్బు తగిలితే ఎర్రబడదూ? పారాణి కలపడం ఎప్పుడూ చూళ్ళేదా మీరు? మీ తెలివి తెల్లారినట్టే ఉంది. సబ్బంతా పోయేదాకా జాడించి ఎండలో వెయ్యండి. ఎండకే పోతుంది."

ఎండ! ధ్రువం దగ్గరి మా దక్షిణాదిన ఎండ చుట్టపుచూపుగా వస్తుంది. పెరటి కంచె మీద గుడ్డ ఆరేసి, ఆకాశానికి దండం పెట్టుకుంటూ నిలబడ్డాను. అటుగా పోతున్న గొర్రెల డేవిడ్ ఆగిపోయాడు.

"అది మా గుడ్డ కాదూ?"

"అవును. గాలికి... ఊరికే..."

పావుగంటలో ఊరంతా మా పెరట్లో ఉంది. ఒక్కరు తిట్టలేదు. చెట్టు నీడ జరిగినప్పుడల్లా నలుగురూ నాలుగు అంచులు పట్టుకుని గుడ్డని ఎండలోకి మార్చారు. డేవిడ్ టీ పెట్టించాడు. పులిహోర గిన్నె ఖాళీ అయింది. ఇంతలో మార్గరెట్ ఆంటీ వచ్చింది. నేను ఏడుపొక్కటే తక్కువగా జరిగిందంతా చెప్పేశాను.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని గుడ్డ మీదకి వంగింది. "ఈ గోధుమరంగు చూశావా? మా అమ్మ టీ. ఇది పాత ఫాదరుగారి వైను. ఈ మూల కాలింది మా నాన్న చుట్ట. ఏ మరకా వెయ్యనిది నువ్వొక్కడివే అనుకున్నాను."

సాయంత్రానికి పసుపు చాలావరకు పోయింది. సన్నటి వలయం మాత్రం మిగిలింది. మరునాడు ఆంటీ దాని నడుమే మా చేత సంతకాలు చేయించింది. మేము తెలుగులో రాశాం. ఒక్క అక్షరం చదవలేని ఆ పెద్దావిడ మా గుండ్రటి అక్షరాలన్నీ పసుపు దారంతో పొల్లు పోకుండా కుట్టింది. కుట్టు పూర్తయి చూపించిన రోజు నాకు కళ్ళు చెమర్చాయి.

అంతకు ముందే, సంతకాలు చేసిన ఆ ఆదివారం, అతిథుల్లో ఒకాయన అడిగాడు: "వీళ్ళిద్దరూ నిజంగా ఈ ఊరివాళ్ళేనా?"

"అనుమానమా? సంతకం కంటే ముందే మరక వేశారు," అంది ఆంటీ.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట పులిహోర గిన్నెతో ఏ ఊరి చరిత్రకీ పది గజాల లోపలికి వెళ్ళను. వచ్చే ఆదివారం హాల్లో విందుంది. గుడ్డ పరిచే పని మళ్ళీ నాదే. ఈసారి పెరుగన్నం తీసుకెళుతున్నాను.