పాడె కింద

మా ఇల్లు పుంగనూరులో శ్మశానానికి పోయే దారిలో ఉంది. కుక్కను తెచ్చుకునే ముందు ఈ ఒక్క సంగతీ ఎవరూ అడగలేదు. నాకూ తట్టలేదు.

మిగతావన్నీ అడిగింది ఆ కుప్పం అమ్మాయి. దెబ్బతిన్న కుక్కల్ని కాపాడి, బాగయ్యేదాకా ఎవరో ఒకరి ఇంట్లో ఉంచే పిల్ల. "గేటు ఎత్తుగా ఉండాదా అక్కా? పగలు ఇంట్లో ఎవురుంటారు? కట్టు మార్పించేదానికి ఆస్పత్రికి ఎవురు తీసకపోతారు? ఇంట్లో అందురూ ఒప్పుకున్నారా? పెంచుకునేవాళ్లు వచ్చినప్పుడు ఏడవకుండా ఇచ్చేస్తావా?" పెళ్లిచూపుల్లో కూడా నన్నెవరూ ఇన్ని అడగలేదు. అన్నిటికీ ఊ కొట్టి, మా అత్త మాత్రం ఇంకా ఒప్పుకోలేదని చెప్పాను. నవ్వింది.

అది శాంతిపురం దగ్గర బండల క్వారీలో పుట్టి పెరిగిన కుక్క. పేలుడుకు ఎగిరిన రాయి తగిలి వెనక కాలు విరిగింది. మదనపల్లెలో ఒక కుటుంబం పెంచుకుంటామని మాటిచ్చింది. కాలు అతుక్కునేదాకా చూసుకుని, క్షేమంగా వాళ్ల చేతిలో పెట్టాలి. నా మీదున్న బాధ్యత అదొక్కటే.

మంచాన పడివున్న మా అత్త దాన్ని ఎగాదిగా చూసింది. "నన్ను సూసేదానికే నీకు తీరిక లేదు, ఇంగ కుంటికుక్క ఒగటా? సరిపోయింది పో. ఇద్దురం కుంటోళ్లం" అని గోడవైపు తిరిగి పడుకుంది.

అది వచ్చిన వారంలోనే మా వీధిలో ఎవరిదో శవం పోయింది. మా వైపు శవం లేచిందంటే ముందు పలకల వాయింపు, వెనక టపాసులు. శ్మశానం దాకా కాలుస్తూనే ఉంటారు. మొదటి టపాసుకే కుక్క ఉచ్చ పోసేసుకుంది. రెండోదానికి కట్టుకాలు ఈడ్చుకుంటూ పోయి మా అత్త మంచం కింద దూరింది. దాని వణుకుకు మంచం కోడు టకటకలాడింది. నేను వంగి బయటికి లాగబోయాను.

"ఉండనీమే దాన్ని" అంది అత్త. చెయ్యి కిందికి జార్చి దాని తల మీద పెట్టింది. "ఏం లేదులే. ఎవురో పోతాండారు. పోనీ. మనల్ని కాదులే."

ఆ తర్వాత దూరంగా పలక వినబడితే చాలు, కుక్క మంచం కిందికి పోయేది, ఆమె చెయ్యి కిందికి వచ్చేది. సంగటి పెట్టేది నేను, కట్టు మార్పించేది నేను, దొంగముండ మాట వినేది మాత్రం ఆమెది! నాకు కుళ్లు పుట్టేది, నవ్వూ వచ్చేది.

కాలు బాగైంది. ఆదివారం వచ్చి తీసుకుపోతామని మదనపల్లె వాళ్లు ఫోన్ చేశారు. ఆ ఆదివారం రాకముందే ఒక తెల్లవారుజామున మా అత్త నిద్రలోనే పోయింది.

ఏడుస్తూనే మా బావగారి దగ్గరికి పోయాను. మా ఆయన పెదనాన్న కొడుకు, పనులన్నీ ఆయనే చూస్తున్నాడు. "బావా, టపాసులొద్దు. కుక్క బెదిరిపోతుంది" అన్నాను.

"కుక్క కోసరం పెద్దామెను దిక్కులేనిదాని మాదిరి తీసకపోదామంటావా? నలుగురూ నవ్వుతారమ్మా!"

మా ఆయన తల వంచుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. చావింట్లో కోడలి మాట ఎవరికి కావాలి? కుక్కను వెనకున్న సామాన్ల గదిలో పెట్టి గడియ వేశాను. గేటు ఎట్లాగూ మూసే వీల్లేదు, వచ్చే జనం వస్తూనే ఉన్నారు.

పాడె లేచింది. మేం ఆడవాళ్లం వీధి చివరిదాకా పోయి ఆగిపోయాం. ఇంట్లో ఉన్నవాళ్లు ఇల్లు కడగడం మొదలుపెట్టారు. శవం గడప దాటగానే ఇల్లంతా కడగాలి, ఒక్క మూల కూడా వదలకూడదు. నేను తిరిగొచ్చేసరికి సామాన్ల గది తలుపు బార్లా తెరిచి ఉంది. పక్కింటామె చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

"మైల కదమ్మా, ఆ గది కడక్కుండా ఎట్లిడిసేది? తలుపు తీస్తానే నా కాళ్ల సందున దూరి పాయ. కుక్కుండాదని నాకేం తెల్సు?"

ఆమెను ఏమని తిట్టను? టపాసులు తూర్పున పేలుతున్నాయి. బెదిరిన కుక్క చప్పుడుకు దూరంగానే కదా పరిగెత్తేది! మైల చీరతోనే పడమటి సందులన్నీ తిరిగాను. బస్టాండు దాకా పోయాను. ఆటోవాళ్లను అడిగాను. చావింటి కోడలు కుక్క కోసం వీధుల్లో తిరుగుతోందని అందరూ వింతగా చూశారు. చూడనీ అనుకున్నాను.

మగవాళ్లు తిరిగొచ్చి, స్నానాలు చేసి కూర్చున్నాక బావగారే చెప్పాడు.

"మీ కుక్క ఆడికొచ్చిందమ్మా. ఎంత అదిలించినా పోలే. టపాసులు పేలతాంటే వణుకుతానే పాడె కింద నడిచింది, మోసేవాళ్ల కాళ్ల నడాన. మన్నేసేదాకా ఉండింది. ఆ పైన యాడికి పోయిందో సూడలేదు."

ఆయనకు అదొక వింత. నాకు కాదు. టపాసు పేలితే దాక్కోవడానికి దానికి తెలిసిన చోటు ఒక్కటే, మా అత్త కింద. ఆ చోటు పాడె మీద లేచి పోతుంటే అదీ వెంటపోయింది. చెయ్యి కిందికి వస్తుందని దారంతా ఎదురుచూసిందేమో. తలచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

మూడో రోజు సమాధి మీద పాలు పోయడానికి ఆడవాళ్లమూ పోయాం. తలవైపు మట్టి తవ్వి ఉంది, ఒక కుక్క ముడుచుకుని పడుకునేంత గుంట. నక్కలు తవ్వుంటాయన్నారు ఎవరో. కుక్క కనబడలేదు. మదనపల్లె వాళ్లకు, కుప్పం అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. ఆ పిల్ల వచ్చి రెండు రోజులు నాతోపాటు వెతికి పోయింది.

ఇప్పటికీ పలకలు వినబడితే పొయ్యి ఆపేసి గేటు దగ్గరికి పోతాను. వంగి నిలబడతాను. పోయినవాళ్ల మీద నాకెంత భక్తో అని వీధిలో వాళ్లు మెచ్చుకుంటారు. నేను మోసేవాళ్ల కాళ్ల మధ్య చూస్తుంటాను.