తలుపుల్లేని గవిని

తెల్లాపూర్ అవతల మాది ఒకప్పుడు చుట్టుపక్కల పల్లెలకి అంగడి ఊరు. ఊరి మొదట్లో రాతి గవిని ఉండేది. గవిని అంటే ఊరి వాకిలే. రెండు బురుజులు, మధ్యలో కమాను, పైన డంగుసున్నంతో చేసిన చిలకలు. ఒకప్పుడు తలుపులుండేవట, నేను పుట్టేసరికే లేవు. ఆషాఢంలో బోనాలు దాని కిందినుంచే పోచమ్మ గుడికి పోయేవి.

నీళ్ల ట్యాంకర్లు పట్టడం లేదని దాన్ని పడగొట్టారు. కూల్చొద్దని నేను తిరగని ఆఫీసు లేదు. పోయిన చోటల్లా “పాత రాళ్లకి ఎందుకు సార్ అంత పరేషాన్?” అన్నారు. ఒళ్లు మండేది.

అసలు మంట తర్వాత మొదలైంది. గుడి చుట్టూ పొలాలు కొన్న బిల్డరు గుడిని కూడా కలుపుకుని ప్రహరీ కట్టాడు. లోపల విల్లాలు లేపి, ముందు అచ్చం మా గవినిలాంటిదే సిమెంటుతో కట్టించాడు, చిలకలతో సహా. కన్ను పొడిచి కాటుక పెట్టినట్టు! దీనికి మాత్రం తలుపులున్నాయి, కాపలా ఉంది.

మొన్న బోనాలకి అమ్మ బోనం ఎత్తుకుంది. ఎత్తిన బోనం గుడి చేరేదాకా కింద దించరు. వాచ్‌మన్ మమ్మల్ని ఆపాడు.

“ఏ విల్లాకు సార్?”

“గుడికి.”

“గుడికి నంబర్ లేదు సార్. యాప్‌ల ఎంట్రీ పడాలె.”

“ఆ గుడి మాది తమ్మీ! మీ విల్లాలు నిన్న మొన్నటివి.”

“నాకు తెల్వదా సార్? మాది నారాయణఖేడ్ దిక్కు, మా ఇంట్ల గూడ బోనం ఎత్తుతరు. గని నా నౌకరీ పోతది.”

అతని మీద అరిచి లాభం లేదని తెలుసు. అయినా అరిచాను. అమ్మ మెడ వణుకుతోంది, బోనం మీద దీపం రెపరెపలాడుతోంది. అతను ఫోన్ నాకు చూపించాడు. గెస్ట్, క్యాబ్, పనిమనిషి, డెలివరీ. గెస్ట్ అంటే లోపల ఎవరో ఒకరు సరేననాలి. మాకు లోపల ఎవరున్నారు, పోచమ్మ తప్ప?

“డెలివరీ అని కొడుతున్న సార్. ఎవర్నీ అడిగే పని లేదు. గని పక్క గేటుకెళ్లి పోవాలె.”

అది చెత్తబండి తిరిగే గేటు. అమ్మ భుజం పట్టుకుని అటు నడిపించాను. అమ్మ మెడ తిప్పకుండానే అడిగింది.

“ఏమని రాసిండు బిడ్డా?”

“ఊరోళ్లమని రాసిండమ్మా.”

“మరి గవిని కిందికెళ్లి ఎందుకు పోనియ్యలే?” అంది అమ్మ.